చేతితో చేసిన గిటార్‌కు చెక్క పిక్‌గార్డు: తరచుగా అడిగే ప్రశ్నలు

పిక్‌గార్డు అంటే, తీగలు మీటే చిన్న బిళ్ళ (పిక్) గీతలు గిటార్ పైపలక మీద పడకుండా సౌండ్‌హోల్ పక్కన పెట్టే పలచని ముక్క. దాని గురించి గిటార్ చేసేవారు, చేయించుకునేవారు మళ్ళీమళ్ళీ అడిగే సందేహాలను ఇక్కడ ఒకచోట చేర్చాను. ఇదంతా ప్రధానంగా ఉక్కు తీగల అకౌస్టిక్ గిటార్ గురించి. పని జరిగే వరుసలో విడగొట్టాను కానీ, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళవచ్చు. అందువల్ల ఒకటి రెండు సంగతులు రెండేసి చోట్ల వస్తాయి. చాలామంది బెంగ పిక్ గీతల గురించి. నిజానికి చెక్క పిక్‌గార్డును పాడుచేసేది గాలిలో తేమ. కింది జవాబుల్లో సగం దాని చుట్టూనే తిరుగుతాయి.

## మొదలుపెట్టే ముందు

అసలు పిక్‌గార్డు అవసరమా? అది లేని గిటార్లు చాలా కనిపిస్తున్నాయి కదా?

మీరు వాయించే తీరును బట్టి ఉంటుంది. వేళ్ళతో మాత్రమే మీటేవారికి అక్కరలేదు. పిక్ పట్టుకొని గట్టిగా స్ట్రమ్మింగ్ చేసేవారికి తప్పదు. గిటార్ పైపలకకు వాడే చెక్కలు మెత్తనివి. చెక్క గట్టిదనాన్ని కొలిచే జాంకా పరీక్షలో ఒక ఉక్కు గుండును సగం దాకా చెక్కలో దిగేలా నొక్కి, అందుకు ఎంత బలం పట్టిందో చూస్తారు. సిట్కా స్ప్రూస్‌కు అది సుమారు 510 పౌండ్లు, వెస్టర్న్ రెడ్ సెడార్‌కు 350. మన రోజ్‌వుడ్‌కు 2,440.

అమెరికన్ గాయకుడు విల్లీ నెల్సన్ వాయించే ‘ట్రిగ్గర్’ గిటార్ ఫోటో ఒకసారి చూడండి. అది మార్టిన్ కంపెనీ చేసిన ఎన్-20 అనే నైలాన్ తీగల క్లాసికల్ గిటార్. పిక్‌తో వాయించడానికి చేసింది కాదు కాబట్టి దానికి పిక్‌గార్డు పెట్టలేదు. ఆయన 1969 నుంచి దాన్ని పిక్‌తోనే వాయిస్తూ వచ్చారు. సౌండ్‌హోల్ పక్కన పైపలకకు ఇంకో రంధ్రం పడింది.

చెక్క మీద కూడా గీతలు పడతాయి. మరి ప్లాస్టిక్ కంటే మెరుగు ఎలా?

కాపాడే విషయంలో మెరుగేమీ కాదు. పైపలక బదులు గీతలు తాను భరించడమే పిక్‌గార్డు పని. ఆ పని రెండూ చేస్తాయి. ప్లాస్టిక్ చౌక, పని సులువు, తేమకు చలించదు. చెక్కను ఎంచుకోవడానికి మొదటి కారణం అందం, రెండోది తక్కువ బరువు. వెనక పలక, పక్క పలకలు, తలభాగం మీద అంటించే వెనీర్ (పలచని చెక్క పొర) అన్నీ ఒకే చెక్కతో చేసి, ముందువైపు నిగనిగలాడే ప్లాస్టిక్ బిళ్ళ అంటించడం నాకైతే మనసొప్పదు.

పాత పదార్థాల సంగతి కూడా చెప్పుకోవాలి. ఒకప్పుడు హాక్స్‌బిల్ అనే సముద్రపు తాబేలు చిప్ప వాడేవారు. ఆ వ్యాపారం మీద 1970ల నుంచి అంతర్జాతీయ నిషేధం ఉంది. దాని నకలుగా వచ్చిన సెల్యులాయిడ్ ఏళ్ళు గడిచేకొద్దీ కుంచించుకుపోతుంది, పైగా తేలిగ్గా అంటుకుంటుంది. మార్టిన్ కంపెనీ 1980ల మధ్య వరకు సెల్యులాయిడ్‌ను పాలిష్ లేని స్ప్రూస్ మీద నేరుగా అతికించి, దాని మీదుగా లాకర్ (ఒక రకం పాలిష్) వేసేది. అది కుంచించుకుంటూ పలకను కూడా తనతో లాగడం వల్ల ఆ కాలపు గిటార్లలో పిక్‌గార్డు పక్కన పగులు చాలా మామూలుగా కనిపిస్తుంది. రిపేరు చేసేవారు దానికి ‘పిక్‌గార్డు పగులు’ అనే పేరే పెట్టుకున్నారు.

పిక్‌గార్డు పెడితే నాదం తగ్గిపోతుందని అంటున్నారు. నిజమేనా?

లెక్క వేసి చూద్దాం. మామూలు కన్నీటిబొట్టు ఆకారపు పిక్‌గార్డు వైశాల్యం సుమారు 60 చదరపు సెంటీమీటర్లు అనుకోండి. రోజ్‌వుడ్ సాంద్రత ఘన సెంటీమీటరుకు దాదాపు 0.83 గ్రాములు. 0.6 మిల్లీమీటర్ల మందంతో చేస్తే బరువు 3 గ్రాములు. అదే చెక్క 1.5 మిల్లీమీటర్లు ఉంటే 7.5 గ్రాములు. అంతే మందం సెల్యులాయిడ్ అయితే 12 గ్రాముల పైమాటే.

కాబట్టి పలచని చెక్క ముక్క వల్ల వచ్చే తేడా చాలా చిన్నది. సౌండ్‌హోల్‌కు ఆనుకొని ఉన్న ప్రాంతం ఎలాగూ బ్రేసుల (పలక లోపలివైపు అంటించే చెక్క పట్టీల) వల్ల బిగిసి ఉంటుంది. పిక్‌గార్డును బ్రిడ్జి (పైపలక మీద తీగలు బిగించే చెక్క దిమ్మ) దాటించి కింది వెడల్పు భాగంలోకి పొడిగించారంటే మాత్రం పలక స్వేచ్ఛగా ఊగే చోట బరువు వేసినట్టే. నాదం గురించి పట్టింపు ఉన్నవారు చెక్క జాతి గురించి కంటే పరిమాణం గురించి, మందం గురించి ఆలోచించడం మేలు.

ఇప్పుడు లేకుండా వదిలేసి, గీతలు పడ్డాక పెట్టుకోవచ్చా?

పెట్టుకోవచ్చు. పాలిష్ మీద అతికించేదే కాబట్టి ఎప్పుడైనా చేయవచ్చు. అయితే అప్పటికే పడిన లోతైన గీతల మీద అతికిస్తే కింద గాలి ఖాళీలు మిగులుతాయి. ముందు ఆ గీతలను పూడ్చి చదును చేయించండి.

పాత మాండొలిన్లలో లాగా పైపలకలోనే పొదిగితే అందంగా ఉంటుంది కదా?

అందంగానే ఉంటుంది. ఇటలీలోని నేపుల్స్ మాండొలిన్లలో అలాగే పొదిగేవారు. కానీ ఉక్కు తీగల గిటార్ పైపలక మందం 2.5 నుంచి 3 మిల్లీమీటర్లే. అందులో ఒక మిల్లీమీటరు తవ్వితే, తీగల లాగుడు భరించే చోటనే పలకలో మూడో వంతు పోయినట్టు. పైగా మార్చాలంటే మార్చలేరు. వద్దని చెబుతాను.

పైపలక ఉబ్బెత్తుగా ఉండే ఆర్చ్‌టాప్ గిటార్‌కు కూడా ఇదే పద్ధతా?

కాదు. ఆర్చ్‌టాప్‌లో పిక్‌గార్డు పలకకు అంటదు, బ్రాకెట్ మీద గాలిలో తేలుతూ ఉంటుంది. దానికి కనీసం 3 మిల్లీమీటర్ల మందం కావాలి. అమెరికాలో గిటార్లు చేసిన జేమ్స్ డి'అక్విస్టో తన తర్వాతి కాలపు గిటార్లలో ఎబొనీ పిక్‌గార్డులు వాడారు. ఆ దారిలో చాలామంది నడిచారు. పలకకు అతకదు కాబట్టి చెక్క తన ఇష్టం వచ్చినట్టు వ్యాకోచించినా ప్రమాదం లేదు.

## చెక్క ఎంపిక

ఏ చెక్క అన్నిటికంటే మంచిది?

గట్టిగా, నిలకడగా, చారలు (చెక్క పోగుల గీతలు) తిన్నగా ఉన్న ఏ చెక్కయినా. రోజ్‌వుడ్, ఎబొనీ, కోవా, వాల్‌నట్, మేపుల్ ఎక్కువగా వాడతారు. ఎబొనీ మహా గట్టిది, జాంకా లెక్కలో 3,000 పౌండ్లు దాటుతుంది. కానీ బరువు ఎక్కువ, పొడి గాలికి సన్నని బీటలు తీస్తుంది. కోవా, వాల్‌నట్ రెండూ 1,000 నుంచి 1,200 మధ్య ఉంటాయి. వీటి మీద పిక్ గుర్తులు త్వరగా పడతాయి కాబట్టి పై పాలిష్ గట్టిది కావాలి. మేపుల్ లేత రంగు చెక్క. స్ప్రూస్ పక్కన పెద్దగా కనిపించదు, మురికి మాత్రం బాగా కనిపిస్తుంది. నన్ను ఒకటే ఎంచుకోమంటే రోజ్‌వుడ్ అంటాను.

చెట్టు కణుతుల నుంచి వచ్చే, మెలికలు తిరిగిన బర్ల్ ముక్కలు చూడముచ్చటగా ఉంటాయి. వాటిలో చార ప్రతి అంగుళానికీ దిక్కు మారుతుంది, ముడతలు పడే గుణం ఎక్కువ. వాడాలనుకుంటే వెనకవైపు మరో పలచని వెనీర్ ఎపాక్సీతో అతికించి బలం ఇవ్వాలి.

వెనక పలక కోయగా మిగిలిన ముక్క పనికొస్తుందా?

దానికి మించింది లేదు. రంగు, చార కచ్చితంగా కలుస్తాయి. ఆ చెక్క అప్పటికే మీ గదిలో నెలల తరబడి ఆరి ఉంటుంది. వెనక పలకల అంచుల్లో నడుము వంపు దగ్గర మిగిలే ముక్క సాధారణంగా పిక్‌గార్డుకు సరిపోతుంది. గిటార్ పూర్తయ్యేదాకా ఆ ముక్కలను పారేయకండి.

మన దగ్గర దొరికే చెక్కల్లో ఏవి వాడవచ్చు?

ప్రపంచమంతటా గిటార్ తయారీదారులు ఇండియన్ రోజ్‌వుడ్ అని పిలిచేది మన జిట్రేగి చెట్టునే. దక్షిణ భారత అడవుల్లో పెరిగేదే. ఇరుగుడు అని కూడా అంటారు. కొత్త దుంగ కోసం వెతకనక్కరలేదు. పాత ఇళ్ళు కూల్చినప్పుడు వచ్చే రోజ్‌వుడ్ మంచాలు, బీరువా తలుపులు, కుర్చీ పలకల్లో పిక్‌గార్డుకు కావలసినంత చెక్క ఉంటుంది. దశాబ్దాలుగా ఆరిన చెక్క అది, దానికంటే నిలకడైనది డబ్బు పెట్టినా దొరకదు. కోసే ముందు ఒక అయస్కాంతం పెట్టి మేకులున్నాయేమో చూసుకోండి, రంపం దక్కుతుంది.

బొబ్బిలి వీణలు చేసే పనస చెక్క కూడా బాగుంటుంది. కొత్తగా ఉన్నప్పుడు పసుపుగా ఉండి, వెలుతురుకు క్రమంగా గోధుమ రంగుకు తిరుగుతుంది. గట్టిదనం మధ్యరకం కాబట్టి పాలిష్ మీద శ్రద్ధ పెట్టాలి. టేకు తేమకు బాగా నిలుస్తుంది. కానీ అందులోని నూనె వల్ల పాలిష్, జిగురు రెండూ పట్టడానికి మొరాయిస్తాయి.

ఎర్రచందనం గురించి తరచూ అడుగుతుంటారు. రంగు, గట్టిదనం రెండూ గొప్పవే. జపాన్‌లో షమిసెన్ వాద్యాలకు వాడతారు కూడా. కానీ అనుమతి పత్రాలు లేకుండా దాన్ని దగ్గర ఉంచుకోవడం, తరలించడం నేరం. గుప్పెడు ముక్క కోసం ఆ తలనొప్పి పెట్టుకోకండి.

రోజ్‌వుడ్ పిక్‌గార్డు ఉన్న గిటార్‌ను విదేశాలకు పంపితే ఆపేస్తారా?

బ్రెజిల్ రోజ్‌వుడ్ తప్ప మిగతా రోజ్‌వుడ్ జాతులన్నీ 2017 జనవరి 2 నుంచి సైట్స్ (అరుదైన జంతువులు, మొక్కల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే) ఒప్పందం రెండో అనుబంధంలోకి వచ్చాయి. కొంతకాలం గిటార్ పంపడానికి కూడా పత్రాలు కావలసి వచ్చింది. 2019 నవంబరు 26 నుంచి పూర్తయిన సంగీత వాద్యాలకు, వాటి పూర్తయిన భాగాలకు మినహాయింపు ఇచ్చారు. అంటే గిటార్‌కు అంటించిన పిక్‌గార్డుతో చిక్కు లేదు. అదే చెక్కను కోయని ముక్కగానో వెనీర్‌గానో పంపితే ఆ మినహాయింపు వర్తించదు. బ్రెజిల్ రోజ్‌వుడ్ సంగతి వేరు. అది 1992 నుంచి మొదటి అనుబంధంలో ఉంది, పూర్తయిన గిటార్‌కు కూడా పత్రాలు తప్పవు.

ఎంత మందం ఉండాలి?

0.6 నుంచి 1 మిల్లీమీటరు మధ్య. నేను 0.8 దగ్గర ఆగుతాను. అరమిల్లీమీటరు కంటే పలచనైతే అంచులు గుండ్రం చేసేటప్పుడే అరిగిపోతుంది. 1.5 దాటితే రెండు ఇబ్బందులు. ఒకటి, చేతికి తగులుతుంది. రెండోది, అసలైనది: మందపాటి చెక్క వంగాలనుకుంటే జిగురు దాన్ని ఆపలేదు. పలచని ముక్కకు అంత బలం ఉండదు కాబట్టి జిగురు పట్టు కిందే ఉండిపోతుంది.

బజారులో దొరికే వెనీర్ నేరుగా వాడవచ్చా?

మందం 0.6 మిల్లీమీటర్లు ఉంటే వాడవచ్చు. ఫర్నిచర్ వెనీర్ చాలావరకు అంతకంటే పలచన. అలాంటివి రెండు పొరలు ఎపాక్సీతో అతికించి, చదునైన గాజు పలకల మధ్య ఒక రాత్రి బిగించి ఉంచండి. ఫెవికాల్ లాంటి నీళ్ళ జిగురు ఇక్కడ వద్దు. అందులోని నీరు వెనీర్‌లోకి ఇంకి, ఆరేటప్పుడు ముక్కను వంచేస్తుంది.

వెనీర్ తేమకు ఎంత చురుకైనదో చూడాలంటే ఒక ముక్కను అరచేతిలో పెట్టుకోండి. కాసేపట్లోనే చెయ్యి తగిలిన వైపు ఉబ్బి, అంచులు పైకి లేస్తాయి. చేతి చెమటకే అలా వంగే వస్తువు వానాకాలంలో ఏం చేస్తుందో ఊహించుకోండి.

## కోత, ఆకారం

చార ఏ దిక్కున ఉండాలి? అడ్డంగా పెడితే అందంగా ఉంది.

పైపలక చారకు సమాంతరంగా, అంటే తీగల దిక్కున ఉండాలి. చెక్క పొడవునా దాదాపు కదలదు, వెడల్పునా కదులుతుంది. గాలిలో తేమ 65 శాతం నుంచి 40 శాతానికి పడిపోయిందనుకోండి, స్ప్రూస్ పలక 7 సెంటీమీటర్ల వెడల్పులో దాదాపు 0.4 మిల్లీమీటర్లు కుంచించుకుంటుంది. పిక్‌గార్డు చార కూడా అదే దిక్కున ఉంటే రెండూ ఇంచుమించు కలిసి కదులుతాయి. అడ్డంగా పెడితే కింది పలక కుంచించుకుంటుంటే పైన ఉన్నది ససేమిరా అంటుంది. ఆ పోరులో మొదట జిగురు ఊడుతుంది, జిగురు మరీ గట్టిదైతే చెక్క పగులుతుంది.

కొంతమంది అందం కోసం చారను 10, 15 డిగ్రీలు వాలుగా పెడతారు. ముక్క 0.8 మిల్లీమీటర్ల లోపు ఉండి, సాగే గుణమున్న జిగురు పొర వాడితే ఆ వాలు ఇబ్బంది పెట్టదు. అంతకు మించి తిప్పవద్దు.

ఆకారం ఎలా గీసుకోవాలి? కంపెనీ గిటార్ మీది నమూనా తీసుకోవచ్చా?

మందపాటి పారదర్శక ప్లాస్టిక్ షీటు తీసుకొని గిటార్ మీద పరిచి గీయడం తేలిక. కింద రోజెట్ (సౌండ్‌హోల్ చుట్టూ ఉండే అలంకారం) కనిపిస్తుంది కాబట్టి దాని బయటి వలయం వంపు సరిగ్గా దిగుతుంది. ఒక గిటార్ నమూనా ఇంకో గిటార్‌కు కుదరడం అరుదు, ఎందుకంటే చేతితో చేసిన వాటిలో సౌండ్‌హోల్ కొలత కొద్దిగా మారుతూనే ఉంటుంది. బ్రిడ్జికి కనీసం 5 మిల్లీమీటర్లు దూరం వదలండి. ఎప్పుడైనా బ్రిడ్జి ఊడదీసి అతికించాల్సి వస్తే వేడి పనిముట్లు పిక్‌గార్డుకు తగలకూడదు.

షీటు మీద గీసిన ఆకారాన్ని కత్తిరించి గిటార్ మీద పెట్టి, నాలుగడుగుల దూరం నుంచి చూడండి. దగ్గరగా బాగున్నవి దూరం నుంచి చాలాసార్లు బరువుగా కనిపిస్తాయి. అలా ఉంటే చిన్నది చేయండి.

కోసేటప్పుడు అంచులు చిట్లిపోతున్నాయి. ఏం చేయాలి?

ముక్కకు రెండువైపులా మాస్కింగ్ టేపు అంటించి, కింద పనికిరాని ప్లైవుడ్ ముక్క పెట్టి, సన్నని పళ్ళున్న ఫ్రెట్ రంపంతో గీతకు 2 మిల్లీమీటర్లు బయటగా కోయండి. మిగతాది ఉప్పు కాగితంతో తీయాలి. రోజెట్ వైపు వంపుకు, ఆ వంపుకు సరిపోయే గుండ్రని డబ్బాకు ఉప్పు కాగితం చుట్టి అరగదీస్తే గతుకులు రావు. పలచని వెనీర్‌ను మాత్రం రంపంతో కాకుండా కత్తితో కోయాలి. ఒకేసారి బలంగా నొక్కకుండా, పైపైన పదిసార్లు గీయండి. వంపు దగ్గర చారకు ఎదురుగా కత్తి వెళితే అది గీత వదిలి చార వెంట పారిపోతుంది. అక్కడ దిక్కు మార్చి రెండోవైపు నుంచి రండి.

లేజర్ కటింగ్ చేయించవచ్చా?

చేయించవచ్చు. ఆకారం కచ్చితంగా వస్తుంది. అంచు కాలి నల్లబడుతుంది కాబట్టి ఆ పొరను ఉప్పు కాగితంతో పూర్తిగా తీసేయండి. లేకపోతే పాలిష్ వేసేటప్పుడు ఆ మసి పక్కకు పాకుతుంది.

మందం ఒకేలా రావడం లేదు. మిషను లేకుండా ఎలా?

పెద్ద చదునైన బల్ల ముక్క మీద చెక్కను రెండువైపులా అంటుకునే టేపుతో పరచి, మొదట పదునైన చిత్రికతో, తరవాత స్క్రేపర్‌తో తీయండి. చిత్రిక కత్తి పదును తగ్గితే రోజ్‌వుడ్‌లో పెచ్చులు లేస్తాయి. వెర్నియర్ కాలిపర్‌తో ఐదారు చోట్ల కొలుస్తూ ఉండండి. చివరి 0.2 మిల్లీమీటర్లు మిగిలి ఉండగా ఆపి, ముక్కను రెండువైపులా గాలి తగిలేలా నాలుగైదు రోజులు నిలబెట్టి ఉంచండి. కొత్తగా పలచన చేసిన చెక్క లోపలి తేమ అప్పుడు సర్దుకుంటుంది. వంగితే ఇప్పుడే తెలుస్తుంది, మిగిలిన మందంలో సరిచేయవచ్చు.

అంచు నిలువుగా ఉంచాలా, వాలుగా తీయాలా?

వాలుగా. పై అంచును సుమారు 45 డిగ్రీలు తీసి, చివరి గీతను ఉప్పు కాగితంతో మెత్తగా గుండ్రం చేయండి. నిలువు అంచుకు తుడిచే గుడ్డ దారాలు తగులుకుంటాయి, అక్కడే పిక్‌గార్డు లేవడం మొదలవుతుంది.

చెక్క దుమ్ము వల్ల దురద వస్తోంది. మామూలేనా?

రోజ్‌వుడ్, ఎబొనీ దుమ్ము చాలామందికి పడదు. చర్మం మీద దద్దుర్లు, ముక్కు కారడం, కొందరికి ఆయాసం కూడా రావచ్చు. ఒక్కోసారి ఏళ్ళ తరబడి ఏమీ కాని వారికి ఉన్నట్టుండి మొదలవుతుంది. దుమ్ము ఆపే మంచి మాస్కు, పొడుగు చేతుల చొక్కా వాడండి. ఆయాసం వస్తే ఆ చెక్కతో పని ఆపి డాక్టరును కలవండి.

ఎడమచేతి వాటం వారికి?

నమూనాను తిరగేసి గీయండి. చెక్క ముక్కలో అందమైన ముఖం ఏదో చూసుకొని గీయడం మరవకండి. అంతకు మించి తేడా లేదు.

## పాలిష్

వెనకవైపు కనిపించదు కదా, అక్కడ కూడా పాలిష్ వేయాలా?

తప్పకుండా. చెక్క పిక్‌గార్డుల్లో వచ్చే వంకరలు ఎక్కువగా ఇక్కడే పుడతాయి. ముందువైపు పాలిష్ ఉండి వెనకవైపు ఉత్తగా ఉంటే, తేమ ఒకవైపు నుంచే లోపలికి వెళుతుంది, ఒకవైపు నుంచే బయటికి వస్తుంది. ముక్క దోసె అంచులా లేస్తుంది. రెండువైపులా దాదాపు ఒకే మందం పాలిష్ వేస్తే చెక్క రెండువైపులా సమానంగా కదిలి చదునుగా ఉంటుంది. ఇంకో లాభం: జిగురు పొర ఉత్త చెక్క కంటే నున్నని పాలిష్ మీద గట్టిగా పడుతుంది.

పద్ధతి చెబుతాను. మొదటి కోటు వెనకవైపు వేయండి. ముట్టుకుంటే అంటకుండా ఆరిన వెంటనే తిప్పి ముందువైపు వేయండి. ఇలా ఒకటి మార్చి ఒకటి. ఒకవైపు నాలుగు కోట్లు పూర్తిచేసి తరవాత రెండోవైపుకు రాకండి. అంచులకు కూడా కోటు పడాలి, ఎందుకంటే చారల కొనలు తెరుచుకునేది అక్కడే, తేమ ఎక్కువగా పీల్చేది కూడా అక్కడే.

రోజ్‌వుడ్‌లో సన్నని రంధ్రాలు కనిపిస్తున్నాయి. పూడ్చాలా?

అద్దంలా మెరవాలంటే పూడ్చాలి. ముందు అసిటోన్‌లో ముంచిన గుడ్డతో చెక్క మీది నూనెను తుడిచి, ఎపాక్సీని పాత ప్లాస్టిక్ కార్డుతో చారకు అడ్డంగా లాగుతూ నింపండి. ఆరాక 320 నంబరు కాగితంతో చెక్క కనిపించేదాకా చదును చేయాలి. మ్యాట్ పాలిష్ కావాలంటే రంధ్రాలు అలాగే వదిలేయవచ్చు. చేతికి చెక్క తెలుస్తుంది, నాకు అదే ఇష్టం.

లక్క పాలిష్ ఒక్కటే సరిపోతుందా?

అడుగు కోటుగా లక్కకు సాటి లేదు. రోజ్‌వుడ్‌లోని నూనెను లోపలే ఆపుతుంది, దేని మీదైనా పడుతుంది, దాని మీద ఏదైనా పడుతుంది. కానీ పిక్ నేరుగా తగిలే పైకోటుగా అది మెత్తన. చెమటకు, మద్యం చుక్కకు మచ్చ పడుతుంది. అడుగున రెండు కోట్లు లక్క వేసి, పైన రెండు భాగాలు కలిపే పాలియురెథేన్ లేదా లాకర్ వేయండి. వేళ్ళతో వాయించే గిటార్‌కైతే లక్క ఒక్కటే చాలు.

మెరుగు ఎంతవరకు దిద్దాలి?

600, 1000, 2000 నంబర్ల కాగితాలు వరుసగా నీటితో వాడి, తరవాత రుద్దుడు పేస్టు. అంచుల దగ్గర చెయ్యి తేలిగ్గా ఉండాలి. ఒక్క క్షణంలో పాలిష్ తెగి చెక్క బయటపడుతుంది.

## అతికించడం

ఏ జిగురు వాడాలి?

రెండువైపులా అంటుకునే పలచని ఆక్రిలిక్ జిగురు పొర. త్రీ ఎమ్ కంపెనీ 467 ఎంపీ, 468 ఎంపీ అనేవి ఎక్కువమంది వాడేవి. మొదటిది సుమారు 0.05 మిల్లీమీటర్లు, రెండోది 0.13. చెక్క పిక్‌గార్డుకు రెండోది నయం, ఎందుకంటే మందం ఉన్నకొద్దీ పొర కొంచెం సాగి, రెండు చెక్కల కదలికలోని తేడాను తనలో ఇముడ్చుకుంటుంది. ఎప్పుడైనా తీసేయవచ్చు కూడా.

ఫెవిక్విక్ లాంటి వాటిని దగ్గరికి రానివ్వకండి. అవి పైపలక పాలిష్‌ను కరిగిస్తాయి, తీయాలంటే స్ప్రూస్ పోగులు కూడా ఊడివస్తాయి. పాలిష్ వేయకముందే ఉత్త స్ప్రూస్ మీద వడ్రంగి జిగురుతో అతికించే పద్ధతి కూడా ఉంది. చూడటానికి చాలా శుభ్రంగా ఉంటుంది, కానీ మార్చాల్సి వచ్చిన రోజున గిటార్ పైభాగమంతా మళ్ళీ పాలిష్ చేయాలి.

గిటార్‌కు పాలిష్ వేశాక ఎన్ని రోజులు ఆగాలి?

నైట్రోసెల్యులోజ్ లాకర్ అయితే కనీసం మూడు నాలుగు వారాలు. ముట్టుకుంటే గట్టిగా ఉన్నట్టే ఉంటుంది, లోపల థిన్నర్ ఇంకా బయటికి వస్తూనే ఉంటుంది. ముక్కు దగ్గర పెట్టి చూడండి. వాసన వస్తుంటే ఇంకా ఆగండి. తొందరపడితే జిగురు పొర కింద పాలిష్ మెత్తబడి ముడతలు పడుతుంది.

వంకరగా అంటుకుంటే మళ్ళీ తీయలేం కదా? సరిగ్గా పెట్టేదెలా?

ప్లాస్టిక్ పిక్‌గార్డులు అంటించేవారు సబ్బు నీళ్ళు చిలకరించి, జారుస్తూ సర్దుతారు. చెక్కకు ఆ చిట్కా పనికిరాదు, అంచుల నుంచి నీరు పీల్చుకుంటుంది.

దీనికి టేపుతో కీలు చేసుకోవాలి. తీగలు తీసేయండి. పైపలకను నాఫ్తాతో (పెట్రోలియం ద్రావకం) తుడవండి. పిక్‌గార్డు వెనకకు జిగురు పొర అంటించి అంచులు బ్లేడుతో కోయండి, పై కాగితం మాత్రం తీయకండి. ఇప్పుడు గిటార్ మీద కచ్చితమైన చోట పెట్టి, బయటి అంచు వెంబడి మాస్కింగ్ టేపు అంటించండి. అది కీలులా పనిచేస్తుంది, తలుపు తెరిచినట్టు పిక్‌గార్డును పైకెత్తవచ్చు. ఎత్తి, రోజెట్ వైపు సగం మేర కాగితం ఒలిచి కత్తిరించి, మెల్లగా దించి, వేలితో మధ్య నుంచి బయటికి నొక్కండి. ఆ సగం పట్టాక టేపు తీసి, రెండో సగం కాగితం లాగి నొక్కండి. చివరికి మెత్తని గుడ్డ పరచి రబ్బరు రోలరుతో గట్టిగా ఒత్తండి. కనీసం ఒక రోజు గిటార్ వాయించకండి. జిగురు పూర్తి పట్టు రావడానికి మూడు రోజులు పడుతుంది.

నా గిటార్‌కు ఫ్రెంచ్ పాలిష్ ఉంది. అతికించవచ్చా?

జాగ్రత్త. ఫ్రెంచ్ పాలిష్ చాలా పలచని లక్క పొర. గట్టి జిగురు పొరను తీసేటప్పుడు ఆ లక్కను కూడా ఊడబెరుకుతుంది. ఇలాంటి గిటార్లకు పిక్‌గార్డు లేకుండా వదిలేయడమో, ఫ్లమెంకో గిటార్లకు వేసేలాంటి పారదర్శక పలచని షీటును తాత్కాలికంగా వాడుకోవడమో నయం.

## అతికించాక

ఎండాకాలం రాగానే ఒక మూల లేచింది. ఏం చేయాలి?

ముందు నొక్కి అంటించేయాలని చూడకండి. గిటార్‌ను తేమ 45 నుంచి 50 శాతం ఉండే చోట, లేదా తేమనిచ్చే సంచీ వేసిన పెట్టెలో వారం పాటు ఉంచండి. హైదరాబాదులో ఏప్రిల్, మే నెలల పొడి గాలికి లేచిన మూల చాలావరకు తనంతట తాను కిందికి దిగుతుంది. అప్పుడు ఆ మూల కింద పాత జిగురు తీసి, కొత్త పొర ముక్క పెట్టి నొక్కండి. విశాఖ లాంటి తేమ ఊళ్ళో చేసి పొడి ఊరికి పంపే గిటార్ అయితే పిక్‌గార్డును ఏసీ గదిలో కొన్ని రోజులు ఉంచాక పాలిష్ వేయడం మంచిది. వారం తర్వాత కూడా దిగకపోతే వెనకవైపు పాలిష్ లేదని అర్థం. తీసి మళ్ళీ చేయాల్సిందే.

పిక్ గీతలు పడ్డాయి. పోగొట్టవచ్చా?

పాలిష్ వరకే పడినవి రుద్దుడు పేస్టుతో పోతాయి. చెక్క దాకా దిగినవాటి మీద పాలిష్ చుక్కలుగా వేసి, ఆరాక చదును చేయాలి. వాయించే గిటార్ మీద గీతలు ఉండటం తప్పేమీ కాదని నా అభిప్రాయం.

తీసేయాలంటే పైపలక దెబ్బతినకుండా ఎలా?

తీగలు తీసి, జుట్టు ఆరబెట్టే డ్రయరును తక్కువ వేడిలో పెట్టి, దూరం నుంచి కదుపుతూ వెచ్చజేయండి. చెయ్యి పెడితే ఓర్చుకోగలిగేంత వేడి చాలు. ఒక అంచు కింద పలచని ప్లాస్టిక్ కార్డు దూర్చి, తరవాత పళ్ళు శుభ్రం చేసుకునే దారాన్ని రెండు చేతులతో పట్టుకొని రంపంలా లాగుతూ జిగురును కోయండి. చార వెంబడి వెళ్ళండి, అడ్డంగా కాదు. మిగిలిన జిగురును బొటనవేలితో ఉండలు చుట్టి తీయవచ్చు. మొండిదానికి నాఫ్తా వాడండి. లాకర్ మీద అసిటోన్, థిన్నర్ వద్దు, పాలిష్ కరిగిపోతుంది.

తీశాక కింద చెక్క తెల్లగా కనిపిస్తోంది. ఏదైనా తప్పు జరిగిందా?

ఏమీ జరగలేదు. స్ప్రూస్ వెలుతురుకు ఏటేటా తేనెరంగుకు తిరుగుతుంది, పిక్‌గార్డు కింద ఉన్న భాగం మాత్రం వెలుతురు చూడక కొత్తగానే ఉండిపోతుంది. పిక్‌గార్డు లేకుండా వెలుతురు ఉన్న గదిలో, ఎండ నేరుగా పడని చోట వేలాడదీస్తే నెలల మీద తేడా తగ్గుతుంది. ఆగలేకపోతే అదే ఆకారంలో, ఒక మిల్లీమీటరు పెద్దదిగా కొత్తది చేసి అంటించండి.